శిఖం దిక్కు చూడండి: వరంగల్ చెరువుల్లో వలస బాతులను వెతికి చూసే పద్ధతి

దసరా దాటి దీపావళి దగ్గరపడే నాటికి మన చెరువులు నిండుగా ఉంటాయి. సైబీరియా, మంగోలియా, టిబెట్ దిక్కు నుంచి బాతులు దిగేది కూడా ఆ రోజుల్లోనే. కొత్తగా బైనాక్యులర్ కొన్నవాళ్లు ఉత్సాహంగా కట్ట ఎక్కుతారు. వాళ్లకు కనిపించేది నిండు నీళ్లు, నాలుగు కొంగలు, దూరంగా కొన్ని నల్లచుక్కలు. ‘వరంగల్‌లో ఏం పక్షులున్నాయండీ’ అని పెదవి విరిచి దిగిపోతారు. పక్షులకేం కొదవ లేదు. వాళ్లు నిలబడ్డ చోటు సరైంది కాదు, అంతే.

కాకతీయుల కాలం నాటి చెరువైనా మొన్నటి ఊరకుంటైనా కట్టుబడి ఒకటే. వాలుకు అడ్డంగా కట్ట, కట్టలో తూము, ఓ పక్కన నిండిన నీళ్లు పొర్లిపోయే మత్తడి. లోతంతా కట్ట కింద, తూము దగ్గరే ఉంటుంది. వాగునీళ్లు వచ్చి చేరే అవతలి కొస పల్చగా పరుచుకుని, తుంగ, జమ్ముగడ్డి, నల్లతుమ్మ చెట్లతో ఉంటుంది. అదే శిఖం. వలస వచ్చే బాతుల్లో ఎక్కువ రకాలు మునగవు. తల కిందికి, తోక పైకి పెట్టి మెడ అందినంత మేర తింటాయి. అంటే వాటికి జానెడు నుంచి మూరెడు లోతు చాలు. నడిచేవాళ్లకు, బండ్లకు కట్ట బాగుంటుంది. బాతుకు నచ్చేది శిఖమే.

ముందు నీళ్లను చూసుకోండి

ఫోన్‌లో మ్యాప్ తెరిచి శాటిలైట్ వ్యూ పెట్టండి. తీర్చినట్టు ఉన్న గీత కట్ట. దానికి ఎదురుగా అంచులు చెదిరి, ఆకుపచ్చ మరకలుగా కనిపించేది శిఖం. అక్కడికి బండ్లబాట ఉందా, పొలం గట్ల మీదుగా పోవాలా అన్నది ఇంట్లోనే తేల్చుకుంటే తెల్లారగట్ల చీకట్లో తిప్పలుండవు.

రెండోది నీటిమట్టం. చెరువు మత్తడి దుంకుతున్న రోజుల్లో శిఖం కూడా నిలువు లోతు మునిగి ఉంటుంది. బాతులకు తినడానికి దొరకదు, మనకు చూడటానికి దొరకదు. అప్పుడు పెద్ద చెరువును వదిలేసి, దాని చుట్టుపక్కల కుంటలు, కోత కోసి నీళ్లు నిలిచిన మళ్లు చూసుకోవాలి. మత్తడి ఆగి, నీళ్లు కాస్త వెనక్కి తగ్గి, అంచున బురద బయటపడిందంటే మళ్లీ చెరువు దారి పట్టొచ్చు. అక్టోబర్, నవంబర్‌లో బంగాళాఖాతంలో వాయుగుండం పడి పెద్ద వాన వస్తే లెక్క మొదటికొస్తుంది. నిన్న నిండా పక్షులున్న చెరువు ఇవాళ ఖాళీగా ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. అవి ఎటూ పోలేదు, పక్క మండలంలో లోతు తక్కువున్న నీళ్లు వెతుక్కున్నాయి.

ఎక్కడికి పోవాలి అంటే, నా మాట ఇది. నేర్చుకోవడానికి హన్మకొండ వడ్డేపల్లి చెరువు, భద్రకాళి చెరువు చాలు. మనుషుల రాకపోకలకు అలవాటుపడ్డ స్థానిక పక్షులు దగ్గర నుంచే కనిపిస్తాయి, కన్ను కుదురుతుంది. గుర్రపుడెక్క కమ్మేసిన చోట మాత్రం బాతుల మీద ఆశ పెట్టుకోకండి, వాటికి తెరిపి నీళ్లు కావాలి. ధర్మసాగర్‌కు దేవాదుల ఎత్తిపోతల నీళ్లు చేరతాయి కాబట్టి దాని మట్టం వానలతో పాటు పంపింగ్‌ను బట్టి కూడా మారుతుంది. ఒకసారి చూసి తీర్మానం చేయొద్దు. గణపతిదేవుడి కాలం నాటి పాకాల, వరంగల్‌కు సుమారు 50 కిలోమీటర్లు. 1952 నుంచి అభయారణ్యం. చుట్టూ అడవి కాబట్టి నీటి పక్షులతో పాటు అడవి పిట్టలూ దొరుకుతాయి. అక్కడ మొసళ్లున్నాయి, నీటి అంచుకు దిగొద్దు. రామప్ప చెరువుకు పోయేవాళ్లు గుడి చూసి కట్ట దాకా పోయి తిరిగొస్తారు. బాతుల కోసమైతే వెనక వైపు వెతకండి. లక్నవరం చూడముచ్చటగా ఉంటుంది కానీ వేలాడే వంతెన, పడవలు, లోతు నీళ్లు, సెలవురోజు జనం... బాతులకు అక్కడ పనేముంటుంది? ఇంకా ఉత్తరానికి పోగలిగితే కరీంనగర్ లోయర్ మానేరు, నిజామాబాద్, నిర్మల్ వైపు శ్రీరాంసాగర్ వెనక జలాలు. నీళ్లు తగ్గుతుంటే బయటపడే ఆ పచ్చిక బయళ్లు పెద్దబాతులకు ఇష్టం.

ఇవన్నీ చెప్పాను గానీ, మీ ఊరి చెరువును మించింది లేదు. ఒకే చెరువును సీజనంతా చూస్తే నేర్చుకున్నంత, ఆదివారానికో కొత్త చోటుకు పరుగెత్తితే నేర్చుకోలేం.

ఎప్పుడు పోవాలి

అన్ని బాతులూ ఒకేసారి రావు. సెప్టెంబర్‌లోనే, బతుకమ్మ పూలకు జనం తిరిగే రోజుల్లోనే, గార్గేనీ అనే చిన్న బాతులు దిగుతాయి. అదే సమయంలో నీటి అంచున వుడ్ శాండ్‌పైపర్లు, తోక ఊపుతూ తిరిగే వాగ్‌టెయిళ్లు వస్తాయి. అక్టోబర్ సగం నుంచి నవంబర్ దాకా పిన్‌టెయిల్, షొవెలర్, కామన్ టీల్, విజియన్, గాడ్వాల్. పోచార్డులు, పట్టెల తల పెద్దబాతులు ఎక్కువగా నవంబర్ చివర, డిసెంబర్‌లో. మార్చి నాటికి చాలా మటుకు తిరుగు ప్రయాణం కడతాయి.

రోజులో అయితే పొద్దున్నే. నవంబర్‌లో మన దగ్గర ఆరుంబావు ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది. అప్పటికే మీరు కూర్చుని ఉండాలి. తొమ్మిది దాటితే నీళ్ల మీద ఎండ తళతళలాడి రంగులు తెలియవు, బాతులు కూడా తలలు రెక్కల్లో దూర్చి నిద్రపోతాయి. సాయంత్రం చూడొద్దని కాదు. మసక పడేటప్పుడు మేతకు గుంపులుగా లేచే దృశ్యం బాగుంటుంది. కానీ చాలా కట్టల మీద ఆ వేళకు మందు పార్టీలు మొదలవుతాయి, ఒంటరిగా ఉండటం మంచిది కాదు. గణేశ్ నిమజ్జనం, సద్దుల బతుకమ్మ రోజులు, ఆ మర్నాడు పెద్ద చెరువుల జోలికి పోకండి. డీజే మోతకు పక్షులు నిలవవు.

సూర్యుడు మీ వెనక ఉండాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే సగం గుర్తింపు సమస్యలు తీరిపోతాయి. పొద్దున తూర్పు ఒడ్డున, సాయంత్రం పడమటి ఒడ్డున కూర్చోవాలి. శిఖం పడమర దిక్కున ఉంటే పొద్దున ఎదురెండ. అలాంటి చెరువును సాయంత్రానికి పెట్టుకోండి, లేదా మబ్బు పట్టిన రోజు చూడండి.

ఏం పట్టుకెళ్లాలి

8×42 బైనాక్యులర్. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా కనిపిస్తుందో చెబుతుంది, రెండోది ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. పది రెట్లది చెరువుకు ఇంకా మంచిదే కానీ చెయ్యి వణికితే బొమ్మా వణుకుతుంది. ఫుట్‌పాత్ మీద 50 రెట్లని అమ్మేవి కొని డబ్బులు పారేసుకోకండి. పది, పదిహేను వేలలో పదేళ్లు వాడుకునే మంచివి దొరుకుతాయి. దూరం బాతులకు ట్రైపాడ్ మీద పెట్టే స్పాటింగ్ స్కోప్ ఉంటే ఆ లెక్కే వేరు. అది ఉన్న స్నేహితుడితో స్నేహం చెడగొట్టుకోవద్దు.

బైనాక్యులర్ కొన్న రోజే కళ్లకు సరిచేసుకోవాలి. చాలామంది ఈ పని చేయకుండానే ‘మసగ్గా ఉంది’ అంటారు. కుడి అద్దాన్ని చేత్తో మూసి, ఎడమ కంటితో దూరంగా ఉన్న బోర్డును చూస్తూ మధ్య చక్రం తిప్పి అక్షరాలు స్పష్టం చేసుకోండి. తర్వాత ఎడమ అద్దం మూసి, మధ్య చక్రం ముట్టకుండా, కుడి కన్ను దగ్గరుండే రింగును తిప్పి అదే బోర్డును స్పష్టం చేయండి. ఆ రింగు ఎక్కడ ఆగిందో పెన్నుతో గీత పెట్టుకుంటే మళ్లీ దాని జోలికి పోనక్కర్లేదు. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు రబ్బరు కప్పులను కిందికి తిప్పి వాడాలి. పక్షి కనిపించాక చూపు దాని మీదే ఉంచి బైనాక్యులర్‌ను కళ్ల దగ్గరికి తేవాలి. తల దించి, మెడలో వేలాడేది వెతుక్కుని ఎత్తేలోపు పక్షి మాయం.

మిగతావి మామూలే. చిన్న నోటుబుక్కు, నీళ్లు, టోపీ, తడిసినా ఫర్వాలేని చెప్పులు. మట్టిరంగు బట్టలు చాలు, మిలిటరీ డ్రెస్ అక్కర్లేదు.

దగ్గరికి ఎలా పోవాలి

బాతులు బర్రెలను పట్టించుకోవు. బర్రెల వెనక కట్టె పట్టుకుని, తన దారిన తాను పోయే మనిషినీ పెద్దగా పట్టించుకోవు. ఆగి, వేలు పెట్టి చూపించి, నేరుగా తమ మీదికి వచ్చే మనిషంటేనే భయం. కాబట్టి వాటివైపు తిన్నగా నడవకండి. పక్కకు పోతున్నట్టు ఏటవాలుగా పోయి, కొంచెం కొంచెంగా దూరం తగ్గించండి. ఆకాశం మీద మీ ఆకారం కనిపించకూడదు. గట్టు మీద నిలబడితే కనిపిస్తుంది, తాటిచెట్టు మొదలుకు ఆనుకుని కూర్చుంటే కనిపించదు.

ఎంత దూరం చాలు? ఆ మాట బాతులే చెబుతాయి. తింటున్నవి తినడం ఆపి, మెడలు నిటారుగా ఎత్తి, అన్నీ ఒకే దిక్కు తిరిగితే మీరు ఎక్కువ దగ్గరికి వచ్చినట్టు. అక్కడే కూర్చోండి. కదలకుండా ఉంటే కాసేపటికి మెడలు దిగుతాయి. అప్పటికీ ఒక్కొక్కటీ నీళ్ల మధ్యకు ఈదుతుంటే వెనక్కి రండి. వేల కిలోమీటర్లు ఎగిరొచ్చి ఒంటికి కాస్త కొవ్వు పట్టించుకునే రోజులవి. ఫొటో కోసం గుంపునంతా లేపేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మనుషులెవరూ లేకుండానే గుంపంతా ఒక్కసారి లేచిందంటే తలెత్తి చూడండి. మార్ష్ హారియర్ అనే గద్ద రెక్కలు కాస్త పైకెత్తి, జమ్ము మీద తక్కువ ఎత్తులో తిరుగుతుండొచ్చు. అదీ శీతాకాలపు అతిథే.

చేపలు పట్టేవాళ్లను అడగడం మర్చిపోవద్దు. తెప్పల మీద రోజూ చెరువంతా తిరిగేది వాళ్లే.

‘కాకా, బాతులు ఏ దిక్కు వాలుతున్నయే?’

‘పొద్దుగాల శిఖం దిక్కుంటయి బిడ్డా. మేం వల తీసెటప్పుడు లేచి గా తుమ్మల ఎనకకు పోతయి.’

ఈ రెండు ముక్కల్లో ఒక పూట వెతుకులాట తప్పింది. వల ఎప్పుడు తీస్తారో కూడా అడిగి, దానికి ముందే చూసేయండి. వాళ్ల పనికి అడ్డం రాకండి.

గుర్తుపట్టడం

ఇక్కడే కొత్తవాళ్లకు టెన్షన్. పుస్తకంలో మగబాతులు రంగురంగులుగా ఉంటాయి, చెరువులో చూస్తే అన్నీ గోధుమరంగే. దానికి కారణముంది. పిల్లలను పెట్టే కాలం అయ్యాక మగబాతులు మెరుపు ఈకలు రాల్చేసి ఆడబాతుల్లా మారతాయి. రెక్క ఈకలు కూడా ఒకేసారి రాలిపోయి కొన్ని వారాలు ఎగరలేవు. రెక్కలు మొలిచాక వలస మొదలుపెడతాయి గానీ ఒంటి రంగులు నెమ్మదిగా, డిసెంబర్ దాకా వస్తూనే ఉంటాయి. గార్గేనీ మగదైతే ఇంకా ఆలస్యం. అందుకే అక్టోబర్‌లో రంగును నమ్ముకోకుండా ఈ వరసలో చూడండి.

మొదట, అసలు బాతేనా? నల్లటి ఒళ్లు, నొసటి మీద తెల్లటి బిళ్ల, ఈదుతుంటే తల ముందుకు వెనక్కు ఊగుతుంటే అది కూట్ అనే నీటికోడి. పిడికెడంత ఉండి, తోక లేనట్టుండి, చప్పున మునిగి ఇంకెక్కడో తేలేది బుడుబుంగ. ఒళ్లంతా మునిగి మెడ మాత్రమే బయటుంటే నీటికాకి.

రెండు, స్థానికమా వలసా? ముక్కు నల్లగా ఉండి కొస పసుపైతే స్పాట్‌బిల్డ్ బాతు, ఏడాదంతా ఇక్కడే ఉంటుంది. గోధుమరంగు ఒళ్లు, పొడవు మెడ, ఎగురుతూ ఈల వేసేది లెస్సర్ విజిలింగ్ డక్. వందల గుంపుగా కనిపించి ‘వలస బాతులొచ్చాయి’ అని మోసపోయేలా చేసేది ఇదే. తామరాకుల మధ్య తెల్లగా, చాలా చిన్నగా ఉండేది కాటన్ టీల్. ఈ మూడు బాగా వస్తే మిగతావి విడిగా కంటికి తగులుతాయి.

మూడు, పైపైన తినేదా, మునిగేదా? నీళ్ల మీద కూర్చున్నప్పుడు తోక పైకి ఉండి, లేచేటప్పుడు ఉన్నచోటు నుంచే ఎగిరితే పైపైన తినే రకం. తోక నీటికి ఆని, లేచేముందు నీళ్ల మీద కొంతదూరం పరుగెత్తితే మునిగే రకం, అంటే పోచార్డులు, టఫ్టెడ్ డక్. ఇవి కట్ట దిక్కు లోతు నీళ్లలో ఉంటాయి. కట్ట మీద నిలబడటానికి పనికొచ్చే కారణం ఇదొక్కటే.

నాలుగు, ముక్కు, మెడ, ఆకారం. షొవెలర్‌ను ఎవరైనా పట్టేస్తారు. ముక్కు కొసన గరిటెలా వెడల్పు, తలకంటే పొడవు. దాన్ని కాసేపు చూస్తూ ఉండండి. తల ఎత్తదు. ముక్కు నీటి పైపొరకు ఆనించి, ఇటూ అటూ ఆడిస్తూ పోతుంది. ముక్కు అంచుల్లో దువ్వెన పళ్ల లాంటి వరసలుంటాయి, నీళ్లు వాటిలోంచి బయటికి పోయి సన్నటి పురుగూ నలుసూ లోపల మిగులుతాయి. ఒక్కోసారి నాలుగైదు షొవెలర్లు ఒకదాని వెనక ఒకటి గుండ్రంగా తిరుగుతాయి. ముందుదాని కాళ్లు కెలికి పైకి తెచ్చిన మేత వెనకదానికి దొరుకుతుంది. ఇది చూడటానికి అరపూట పెట్టినా దండగ కాదు.

పిన్‌టెయిల్‌కు సన్నటి పొడవు మెడ, బూడిదరంగు ముక్కు. తోక ఇంకా పెరగకపోయినా మెడతోనే తెలుస్తుంది. పగలు నీళ్ల నడుమ పెద్ద గుంపుగా నిద్రపోతుంటాయి. గార్గేనీ చిన్నది. ముఖం మీద చారలు చూడండి, కంటి మీదుగా ఒకటి, దాని కింద ఇంకొకటి ముదురు గీత, ముక్కు మొదట్లో లేత మచ్చ. దాదాపు అంతే సైజులో ఉండే కామన్ టీల్ ముఖం సాదాగా ఉండి, తోక పక్కన లేత గీత ఉంటుంది. విజియన్‌కు గుండ్రటి తల, పొట్టి ముక్కు. ఒడ్డెక్కి గడ్డి మేస్తుంటే అదే కావొచ్చు.

ఐదు, రెక్క. బాతు లేచినప్పుడు కంగారుపడి కెమెరా వెతక్కండి, రెక్క వెనక అంచు చూడండి. ఒంటి రంగు మారినా ఆ పట్టీ మారదు. చిన్నటి తెల్ల గడి కనిపిస్తే గాడ్వాల్. మెరిసే ఆకుపచ్చ అయితే కామన్ టీల్. రెక్క ముందుభాగం నీలంగా మెరిస్తే షొవెలర్ మగది, లేత బూడిద నీలమైతే గార్గేనీ మగది. రెక్క పొడవునా వెడల్పాటి తెల్లపట్టీ ఉంటే రెడ్ క్రెస్టెడ్ పోచార్డ్.

పెద్దబాతులకు ఈ గొడవంతా లేదు. తెల్లటి తల వెనక రెండు నల్లపట్టెలుంటే బార్‌హెడెడ్ గూస్. హిమాలయాల మీదుగా 7,000 మీటర్లకు పైన ఎగిరినట్టు ట్రాన్స్‌మిటర్లు కట్టి చూసినవాళ్లు రికార్డు చేసిన పక్షి ఇది. రాత్రిళ్లు, తెల్లవారుజామున పొలాల్లో మేసి పగలు తెరిపి ఒడ్డున గుంపుగా కూర్చుంటుంది, కాబట్టి నీళ్లలో కంటే గట్టు మీద వెతకండి. ఇటుకరంగు ఒళ్లు, లేత తల, జంటగా ఇసుక తిన్నెల మీద ఉంటే రడ్డీ షెల్‌డక్, మన కావ్యాల్లోని చక్రవాకం. గోదావరి ఒడ్డున దొరికే అవకాశం ఎక్కువ.

పేరు తేలకపోతే ‘బాతు, రకం తెలియదు’ అని రాసుకోండి. అందులో నామోషీ ఏమీ లేదు. ఊహించి రాసిన పేరుతోనే చిక్కు. మెర్లిన్ యాప్ ఉచితమే, ఫొటోతో సాయపడుతుంది. కానీ దూరపు మసక ఫొటో పెట్టి అది చెప్పిందే వేదం అనుకోవద్దు.

లెక్క, రాత

ముందు పది బాతులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి ఆ పది ఎంత మేర పట్టాయో కంటితో కొలుచుకోండి. ఆ కొలతను గుంపంతా జరుపుకుంటూ పోతే 300, 400 కూడా చేతికొస్తాయి. రెండుసార్లు, ఎడమ నుంచి ఒకసారి, కుడి నుంచి ఒకసారి లెక్కపెడితే తేడా ఎంతో తెలుస్తుంది. తేదీ, సమయం, నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయి, పక్షి రకం, సంఖ్య, ఏం చేస్తోంది, ఇంతే రాయాలి. నీటిమట్టం రాయడం ఎవరూ పట్టించుకోరు, కానీ మరుసటేడు మీకు అన్నిటికంటే పనికొచ్చేది అదే. పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో చెక్‌లిస్టుగా ఎక్కిస్తే పరిశోధకులకూ అందుతుంది. ఏటా జనవరిలో ఆసియా నీటి పక్షుల గణన జరుగుతుంది, 1987 నుంచి ఉంది. సీజనంతా ఒక చెరువు చూసినవాళ్లు నిశ్చింతగా అందులో చేయి కలపొచ్చు.

జాగ్రత్తలు రెండు మాటల్లో: ఎండినట్టు కనిపించే రేగడి బురద మోకాలి దాకా దిగబడుతుంది, కట్టె గుచ్చి చూడకుండా అడుగు వేయొద్దు, తూము దగ్గర లోతు కంటికి తెలియదు. శిఖం భూముల్లో పంట ఉంటే గట్టు దాటేముందు రైతును అడగండి. పక్షి కూతలు ఫోన్‌లో మోగించడం, డ్రోన్ ఎగరేయడం చేయొద్దు. వల పన్నో, మందు పెట్టో బాతులను పట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. కనిపిస్తే మీరే కొట్లాటకు దిగకుండా చోటు, సమయం గుర్తుపెట్టుకుని అటవీ శాఖవాళ్లకు చెప్పండి.

పెద్దబాతుల గుంపు దొరికిన రోజు మెడలను ఒక్కొక్కటిగా వరసన చూసుకుంటూ పోండి. ఏదో ఒకదానికి రంగు పట్టీ, దాని మీద అక్షరమో అంకెలో ఉండొచ్చు. అది ఎక్కడో శాస్త్రవేత్తలు పట్టి, గుర్తు వేసి వదిలిన పక్షి. పట్టీ రంగు, అక్షరాల రంగు, కోడ్, ఏ కాలికైనా రింగు ఉందా, చెరువు పేరు, తేదీ రాసుకుని, వీలైతే ఫొటోతో సహా ముంబైలోని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపండి. కోడ్‌లో ఒక్క అంకె అనుమానంగా ఉన్నా ఏది అనుమానమో అందులోనే రాయండి.